బలం సూది

"ఒసేయ్ బుజ్జీ! ఆ గ్లాసు ముట్టుకోకు! అది మీ అమ్మది!"

నానమ్మ కేకకు తొమ్మిదేళ్ళ బుజ్జి చేతిలోని గ్లాసు జారిపడింది. ఆవిడ దాన్ని పట్టకారుతో ఎత్తి, చచ్చిన ఎలుకను పారేసినట్టు పెరట్లోకి విసిరేసింది. బుజ్జి తల్లి గుడ్లనీరు కుక్కుకుని నిలబడింది. ఆమెకు జ్వరం లేదు, నొప్పి లేదు, కళ్ళు పచ్చబడలేదు! కుట్టు ఫ్యాక్టరీలో అందరితో పాటు రక్తదానం చేసిన పాపానికి, నీ రక్తంలో హెపటైటిస్ సి ఉందన్నారు. రెండో పరీక్షా అదే ఖాయం చేసింది. ఆనాటి నుంచి కంచం వేరు, చాప వేరు, చివరికి సబ్బుబిళ్ళ కూడా వేరు! కట్టుకున్నవాడు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. ఛీ, అదీ ఒక మొగుడేనా!

"తిండితో, గ్లాసుతో అంటదమ్మా. రక్తంతోనే అంటుకుంటుంది. ఇరవై ఏళ్ళయినా చడీచప్పుడు లేకుండా లివర్‌ని తినేస్తుంది. మూడు నెలలు మాత్రలు వేసుకుంటే దాదాపు అందరికీ తగ్గిపోతుంది" అంది డాక్టరమ్మ. "ఎప్పుడైనా ఇంకొకరికి వాడిన సూదితో ఇంజెక్షన్ చేయించుకున్నావా?"

ఆమెకు వెంటనే గుర్తొచ్చింది. మామగారు! రిటైరైన కాంపౌండరు. బుజ్జి కడుపులో ఉన్నప్పుడు వారం వారం బలం సూది వేసేవాడు. ముందు కీళ్ళ నొప్పులకు అత్తగారికి, తర్వాత అదే సూదిని వేణ్ణీళ్ళలో ఓసారి ముంచి కోడలికి! "ఇంట్లోవాళ్ళ మధ్య ఎంగిలేమిటి?" అని పైగా ఓ నవ్వు!

ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే మామగారు అంతెత్తున లేచాడు.

"ముప్పై ఏళ్ళ చెయ్యి ఇది! నా సూదికి వంక పెడతావా? ఎక్కడ తెచ్చుకున్నావో ఎవరికి తెలుసు!"

ఆమెకు ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. అత్తగారి వైపు తిరిగింది.

"నన్నెన్నైనా తిట్టండి అత్తయ్యా! కానీ ఆ సూది నాకంటే ముందు గుచ్చింది మీకే. ఒక్కసారి పరీక్ష చేయించుకోండి..."

"చేయించుకుంటానే! నాకేం రోగం? నువ్వు అబద్ధాలకోరువని అందరి ముందూ తేలుస్తాను!"

అలా పంతానికి పోయి రక్తమిచ్చిన మనిషి, వారం తర్వాత డాక్టరమ్మ ఎదుట రిపోర్టు పట్టుకుని కూర్చుంది. ఆమెకూ అదే! లివర్ అప్పుడే గట్టిపడుతోందట.

"ఇంకో రెండేళ్ళు ఆగి ఉంటే నేను చేతులెత్తెయ్యాల్సి వచ్చేది. మీ కోడలి పుణ్యం!" అంటూ డాక్టరమ్మ ఇద్దరికీ మాత్రలు రాసింది.

ఇంటికొచ్చి సంగతి చెబుతూ అత్తగారు భర్త చెయ్యి పట్టుకోబోయింది. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి... చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు!

"ముట్టుకోకు. అవతల కూర్చో."

అత్తగారు లేచి నిలబడింది.

"ఛీ! రేపు మీరూ వెళ్ళి పరీక్షకు రక్తమివ్వండి."

"నాకెందుకు? నాకేమీ లేదు!"

"మొన్నటి దాకా నాకూ ఏమీ లేదండీ!"

వంటింట్లోకి వచ్చి కోడలి ముందు కూలబడింది. "నా మొహాన ఉమ్మెయ్యవే తల్లీ! కన్నబిడ్డను నీ దగ్గరికి రానివ్వలేదు... ఎంత నీచురాలినే నేను!"

కోడలికి జాలి కలగలేదు. ఆ మాటలు, ఆ అనుమానం, పసిదాని కళ్ళల్లోని బెదురు... అవన్నీ ఇంకా గొంతులో చేదుగానే ఉన్నాయి. ఆ చేదు మూడు నెలల మాత్రలతో పోయేది కాదని ఆమెకు తెలుసు. అయినా మాత్ర ఒలిచి అత్తగారి అరచేతిలో పెట్టింది. ముసలి వేళ్ళు ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నాయి. ఆమె వెనక్కి లాక్కోలేదు.