గడువు మారిన రికార్డు

"అయ్యో, నా ఫారం!"

వానలో తడిసొచ్చిన కుర్రాడు కాలేజీ ఆఫీసు కౌంటర్ ముందు గొడుగు దులిపేసరికి, నీళ్లన్నీ ఆసుపత్రి నర్సమ్మ కూతురు యూనివర్సిటీకి మారడానికి నింపిన ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్ మీద పడ్డాయి.

"సారీ అండీ. ఇంకు చెదరలేదులెండి."

"చెదిరుంటే కూర్చోబెట్టి మీ చేతే మళ్లీ రాయించేదాన్ని."

"నా చేతిరాత చూస్తే వచ్చే సీటు కూడా రాదండీ!"

కోపం మీదున్న పిల్లకి ఫక్కున నవ్వొచ్చింది. అతని చేతిలోనూ అదే ఫారం, అదే యూనివర్సిటీ. తమ క్లాసే. వెనక బెంచీలో కూర్చునే వెల్డరు కొడుకు.

కౌంటర్లో క్లర్కమ్మ ఇద్దరికీ కలిపి చెప్పింది. "పాత మార్కులు చూసి సీటిస్తారు. కానీ ఇప్పుడు చదువుతున్న వాటిలో ఏ ఒక్కదాంట్లో బి గ్రేడు కన్నా తగ్గినా, ఇచ్చిన సీటు వెనక్కి లాక్కుంటారు. జాగ్రత్త!"

కుర్రాడి మొహం వాడిపోయింది. "లెక్కల్లో నాకు బి అంటే కలలో మాటే. క్లాసులో లెక్కలు బాగా వచ్చేది మీకే. టీచరమ్మా, కాస్త దయ చూపించరూ?" అన్నాడు ఆమె వైపు తిరిగి.

అలా మొదలైంది. రోజూ క్లాసులయ్యాక లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర ఆమె నేర్పేది. అతను లెక్క తప్పు చేసి, ఆమె కోప్పడితే ఆ కోపాన్నే చూస్తూ కూర్చునేవాడు.

"లెక్క పుస్తకంలో ఉంది, నా మొహం మీద కాదు."

"అదొక్కటే నాకు అర్థమవుతోంది మరి!"

నెల తిరక్కుండానే 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఇద్దరికీ షరతు మీద సీట్లూ వచ్చాయి. ఒకరోజు అతను వాళ్లింటికొచ్చి, ఊడిపోయిన గేటుకి వెల్డింగ్ పెట్టి వెళ్లాడు. "నెమ్మదస్తుడు. ఇద్దరూ కలిసి వెళ్తున్నారంటే నాకు బెంగ లేదు" అంది తల్లి. కూతురు సిగ్గుతో మొహం తిప్పుకుంది.

టర్మ్ చివర్లో ఒక సోమవారం తల్లికి జ్వరమొచ్చి, కూతురు ఫిజిక్స్ ల్యాబ్‌కి వెళ్లలేదు. సాయంత్రం లైబ్రరీలో అడిగింది.

"ల్యాబ్‌లో ఏమన్నా చెప్పారా?"

"ఏం లేదు. గురువారం నా లెక్కల పరీక్ష. ముందు ఈ చాప్టర్ పూర్తి చేద్దాం, ప్లీజ్."

మూడు సాయంత్రాలు పూర్తిగా అతనికే ఇచ్చేసింది. తన ల్యాబ్ రికార్డు ఇవ్వడానికి ఇంకా పది రోజులుందిగా అనుకుంది.

శుక్రవారం ల్యాబ్‌లో అడుగుపెట్టేసరికి బల్ల మీద అందరి రికార్డులూ పేర్చి ఉన్నాయి. ఆమెది సగం కూడా కాలేదు.

"గడువు ఈ రోజుకి ముందుకు జరిపానని సోమవారమే చెప్పానమ్మా. అందరికీ ఒకటే రూలు" అన్నాడు లెక్చరరు.

ల్యాబ్‌లో సి వచ్చింది. రెండు వారాలకి సీటు రద్దయినట్టు ఉత్తరం వచ్చింది. అతనికి లెక్కల్లో బి. సీటు ఖాయం.

ఆ ఉత్తరం తీసుకుని లైబ్రరీకి వెళ్లింది. "సోమవారం నువ్వు ల్యాబ్‌లో ఉన్నావు కదా?"

అతను చదువుతున్న పుస్తకం మూసేశాడు.

"ఉన్నాను. చెబితే నువ్వు రికార్డులో పడిపోతావు, నేను ఫెయిలవుతానని భయమేసింది. పరీక్షవగానే చెబుదామనుకున్నా. గురువారం సాయంత్రం నోరు రాలేదు. నువ్వంటే ప్రాణం నాకు, నిజం!"

ఆ మాట కోసం ఆమె ఎన్ని సాయంత్రాలు ఎదురుచూసిందో! తీరా ఇప్పుడొచ్చింది.

"తప్పు నాదని యూనివర్సిటీకి రాస్తాను. అసలు సంగతంతా చెప్తాను" అన్నాడు ఆత్రంగా.

"రాయి."

లైబ్రరీ కంప్యూటర్ ముందు కూర్చుని రెండు లైన్లు కొట్టాడు. వేళ్లు ఆగిపోయాయి. ఆమె పక్కనే నిలబడి చూస్తోంది.

"మరి... వాళ్లు నా సీటు కూడా తీసేస్తే?"

ఆమె ఉత్తరం మడిచింది. సంచి భుజాన తగిలించుకుని బయటికొచ్చేసింది.

ఇంట్లో తల్లి డ్యూటీకి తయారవుతోంది. "అబ్బాయి రాలేదేమే?"

"సీటు ఖాయమైందమ్మా. వెళ్తున్నాడు."

తల్లి కూతురి మొహంలోకి చూసింది. "మరి నువ్వు?"

"ఆ ల్యాబ్ మళ్లీ చేసి, వచ్చే ఏడు అప్లై చేస్తాను" అంటూ పక్కకి తిరిగి కళ్లు తుడుచుకుంది. "వేరే యూనివర్సిటీకి."