పై ఇరవై మీటర్లు

మా అమ్మాయి ఆ అబ్బాయితో అన్న మొదటి మాట, "మీ రోల్ పనికిరాదండీ."

అతను తిరిగి అన్న మాట, "ముందు మీ స్కేలు చూసుకోండి మేడమ్."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా నాకిదంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ అతన్ని తిట్టింది. తిడుతూ తిడుతూ మధ్యలో రెండుసార్లు నవ్వింది. ఆ నవ్వు చూసి నా గుండెల్లో రాయి పడింది.

అమ్మాయి పనిచేసేది బ్యాటరీల లోపల పెట్టే పల్చటి పొర తయారుచేసే ఫ్యాక్టరీలో. బ్యాటరీలో రెండు పక్కలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ఆ పొర ఉంటుందట. వెంట్రుక కంటే పల్చన. వేడికి అది ముడుచుకుపోతే రెండు పక్కలూ తగిలి నిప్పు పుడుతుందట. అలా జరక్కుండా దానికి పింగాణీ లాంటి పొడితో పూత వేస్తారు. ఈ సంగతి విన్నప్పటి నుంచి నేను ఫోన్ చార్జింగ్‌కి పెడితే దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను.

పూత వేసే మెషిన్ ఆ అబ్బాయిది. పరీక్ష చేసే ల్యాబ్ మా అమ్మాయిది. పొర చుట్టిన రోల్ పూర్తవగానే అతను ఒక ముక్క కత్తిరించి పట్టుకొస్తాడు. ఈమె దాన్ని పది సెంటీమీటర్ల చదరంగా కోసి, నూటయాభై డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు ఉంచి, తీసి కొలుస్తుంది. మూడు మిల్లీమీటర్ల దాకా తగ్గితే ఫరవాలేదు. అంతకు మించితే రోల్‌కి ఎర్ర ట్యాగ్ తగిలిస్తుంది. అది ఇక చెత్త కిందే లెక్క.

అతని రోల్స్ మామూలుగా బాగానే ఉండేవి. ఎప్పుడో ఒకటి మాత్రం ఘోరంగా ముడుచుకునేది.

"ఈసారి బుజ్జగించి తెచ్చాను మేడమ్, కాస్త మెల్లగా కాల్చండి" అనేవాడట.

"వేడి అందరికీ ఒకటే. మీ రోల్‌కి గొడుగు పట్టమంటారా?" అనేదట ఈమె.

రోజూ ఇంట్లో ఇవే కబుర్లు. అతని పేరు ఒక్కసారీ చెప్పలేదు. 'ముడతల మాస్టారు' అనేది. పేరు పెట్టి పిలిస్తే భయం లేదు కానీ, ముద్దుపేరు పెట్టిందంటే తల్లికి నిద్ర పడుతుందా?

ఒకరోజు మధ్యాహ్నం పదకొండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరని నాకు తెలుసు. తెలిసినా కాళ్లు ఆగాయా? బస్సెక్కి ఫ్యాక్టరీకి వెళ్లాను.

ముందుగదిలో ఒక కుర్రాడు తలవంచుకుని కూర్చున్నాడు. చేతిలో తెల్ల టోపీ, నుదుటి మీద టోపీ అంచు నొక్కిన గీత.

"బాబూ, లోపల మంటలేమైనా లేచాయా?" అన్నాను.

"మంటలేం లేవు ఆంటీ. నా ఉద్యోగం ఒక్కటే కాలిపోయింది."

కొత్తగా చేరినవాళ్లకి ఆరు నెలల్లో మూడు ఎర్ర ట్యాగులు పడితే ఇంటికి పంపేస్తారట. అతనికి ఇవాళ మూడోది పడింది. నాలుగింటికి సూపర్‌వైజర్ కాగితం చేతిలో పెడుతుందట.

"పూత సరిగా వేయలేదా నాయనా?"

"పూత బంగారంలా ఉంది ఆంటీ. రోల్ చివరికొచ్చేసరికి మెషిన్ నెమ్మదిస్తుంది. ఆ కాస్త మేర పూత పలచబడుతుంది. అందుకే పై ఇరవై మీటర్లు విప్పి పారేసి, లోపలి నుంచి ముక్క తీయాలి. నేను పైపైనే కోసి పట్టుకెళ్లాను."

"విప్పితే నీ సొమ్మేం పోయింది?"

"విప్పాలంటే పావుగంట పడుతుంది. ఈ రోల్ ఒంటిగంటకి పది నిమిషాల ముందు పూర్తయింది. ఒంటిగంట దాటితే ల్యాబ్‌లో ముక్కలు తీసుకునే మనిషి మారిపోతారు."

"మారితే? ఆ వచ్చినవాళ్లు కొలవరా?"

"కొలుస్తారు. కానీ పోట్లాడరు."

ముడతల మాస్టారు ఎవరో నాకు తెలిసిపోయింది. "ఆ పోట్లాడే పిల్లకి ఈ సంగతి తెలుసా?"

"తెలియకూడదు ఆంటీ. ఎందుకు తొందరపడ్డానో చెబితే మళ్లీ పరీక్ష పెడతారు, ఉద్యోగం నిలుస్తుంది. ఆమె పేరు మాత్రం క్యాంటీన్‌లో ప్రతి బల్ల మీదా నలుగుతుంది. వద్దు. నాకు ఇంకో ఉద్యోగం దొరక్కపోదు."

నేను నోరు మూసుకుంటే చాలు. నాలుగింటికి అతను వెళ్లిపోతాడు, నా భయం తీరిపోతుంది. కానీ పిల్ల పేరు గురించి నాకంటే ముందే భయపడినవాణ్ణి ఎలా పోనివ్వను?

ఇంతలో తలుపు తెరుచుకుంది. "అమ్మా! నువ్వేంటి ఇక్కడ?"

అతని టోపీ కింద పడింది. "అమ్మా?" అన్నాడు, నావైపు చూస్తూ.

"ఒంటిగంట దాటితే నువ్వుండవని ఈ అబ్బాయి పై ఇరవై మీటర్లు విప్పలేదే!" అనేశాను.

అమ్మాయి అతని దగ్గరికొచ్చి నిలబడింది. "మూడుసార్లూ అంతేనా? మొదటిసారి కూడా? అప్పటికి నేను చేరి రెండోరోజు!"

"మొదటిరోజు గేటు దగ్గర వానలో మీరు గొడుగు తెరుచుకోక దాన్ని తిడుతున్నారు. నేను చూశాను."

"చూసినవాళ్లు వచ్చి గొడుగు తెరవచ్చు కదా! మంచి రోల్స్ రెండు చెత్తలో పోసే బదులు?"

"ధైర్యం చాల్లేదు."

"స్కేలు చూసుకోండి అనడానికి మాత్రం చాలిందా?"

అమ్మాయి ముఖం ఎర్రబడింది. గిర్రున తిరిగి లోపలికెళ్లి, మళ్లీ పరీక్ష చేయించే ఫారం నింపి, సూపర్‌వైజర్‌నే వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని మా అందరి ముందూ పైకి చదివింది.

"నమూనా తప్పు చోట తీశారు. కారణం, తీసిన వ్యక్తి నన్ను చూడాలన్న తొందరలో ఉన్నారు. ఆ తొందర నాకూ ఇష్టమే." ఆవిడ తలెత్తింది. "ఈ చివరి ముక్క ఫైలుకి అవసరమా అమ్మాయ్?"

"కారణం పూర్తిగా రాయమని మీరే కదా మేడమ్ నేర్పారు."

ఆ అబ్బాయి కింద పడ్డ టోపీ తీసి వెనకది ముందుకు పెట్టుకున్నాడు.

పై ఇరవై మీటర్లు విప్పించి, లోపలి ముక్కని ఈసారి సూపర్‌వైజర్ చేతులతోనే ఓవెన్‌లో పెట్టించారు. ఆ గంటలో నేను ఎన్ని మొక్కులు మొక్కానో చెప్పను. నాలుగింటికి ఆవిడ బయటికొచ్చి రెండు వేళ్లు చూపించింది.

"రెండు మిల్లీమీటర్లు. రోల్ బాగుంది, ఉద్యోగం ఉంది. పారేసిన రెండు రోల్స్‌కీ శిక్షగా ఇంకో మూడు నెలలు కొత్తవాడి కిందే లెక్క. ఇకమీదట ముక్కలు ల్యాబ్‌కి వేరేవాళ్లు తెస్తారు."

"అయితే ల్యాబ్ గుమ్మం తొక్కే యోగం ఇక లేదన్నమాట" అన్నాడు అతను దిగులుగా.

"మా ఇంటి గుమ్మం లేదా?" అంది అమ్మాయి.

అని నావైపు చూసింది. అతనూ చూశాడు. సూపర్‌వైజర్ కూడా చూసింది. నాకు వంద భయాలు ఒక్కసారి ముంచుకొచ్చాయి. మెషిన్ మీద పని, ఇంకా ఖాయం కాని ఉద్యోగం, వాళ్లింట్లో వాళ్లెలాంటివాళ్లో, రేపు నా పిల్లని ఏమంటారో.

"ఆదివారం పదింటికి మీ అమ్మానాన్నల్ని తీసుకుని రా నాయనా. మెల్లగా రండి. తొందరేం లేదు" అన్నాను.

ఆదివారం తొమ్మిదింపావుకే వచ్చేశారు. అప్పటికి గంట నుంచీ నేను వీధి గుమ్మంలోనే నిలబడి ఉన్నాను, ఇంకా రాలేదేమిటా అని.