మడత నిలవని దుప్పటి

మంచం దిగగానే దుప్పటి మడతపెట్టాలి, రాత్రిదాకా మళ్ళీ మంచం మీద వాలకూడదు. కౌన్సెలర్ ఆమెకి పెట్టిన మొదటి షరతు అది. "మందులు కావలసివస్తే అప్పుడు రాయిద్దాం, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ముందు కొన్నాళ్ళు ఇలా చూద్దాం," అందావిడ. పొద్దున్నే నడక, చేతులకి పని, వేళకి నిద్ర. ఇవి కాక ఇంకొకటి ఉంది. లోపల ఏం జరుగుతోందో ఇంట్లో ఒక్కరికైనా దాచకుండా చెప్పాలి.

పిచ్చుక అని ముద్దుగా పిలుచుకునే కూతుర్ని బడికి పంపి, ఆ చివరిది తప్ప మిగతావన్నీ పంటి బిగువున చేసుకొస్తోందామె. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. నెలల తరబడి ఆ గాజుముక్క కూడా బరువనిపించిన చేతులు ఈమధ్యే కాస్త మాట వింటున్నాయి. చెప్పుకోవడం మాత్రం కుదరలేదు. ఎవరితో చెప్పుకోవాలి? మొగుడు లిఫ్టు మెకానిక్కు. ఆగిపోయింది ఏదైనా సరే, స్విచ్చి ఒకసారి ఆపి వేస్తే కదులుతుందని అతని నమ్మకం. "నీకేం తక్కువని? మనసు గట్టిచేసుకో. నన్ను చూడు," అంటాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆ 'నన్ను చూడు' విన్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండిపోయేది.

ఆ మధ్యాహ్నం దుకాణంలో కరెంటు పోయి మిషన్లు ఆగాయి. యజమాని ఇంటికి వెళ్ళమన్నాడు. వచ్చేసరికి పడగ్గదిలో కిటికీ తెరలు వేసి ఉన్నాయి. పొద్దున తనే తీసి వెళ్ళింది. గదంతా ముక్కిపోయిన వాసన, రోజుల తరబడి తలంటుకోని జుట్టు వాసన. అది ఆమెకి బాగా తెలుసు. మొన్నమొన్నటిదాకా తన దిండు వాసన అదే.

మడతపెట్టిన దుప్పటి మంచమంతా పరుచుకుని ఉంది. దాని కింద ఎవరో గోడవైపు తిరిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని...

భయం కన్నా ముందు కోపం వచ్చింది. ఈ మంచం మీంచి తను ఎన్ని పొద్దులు ఏడుస్తూ లేచింది! మొగుడే పని ఎగ్గొట్టి పడుకున్నాడనుకుంది.

"నన్ను చూడు అంటావుగా. చూస్తున్నాలే," అని దుప్పటి కొస పట్టి లాగింది.

రాలేదు. లోపలి నుంచి ఎవరో పట్టుకున్నారు.

మళ్ళీ లాగింది.

"ఇంకాసేపు..."

ఆ గొంతు తనదే.

వెనక చప్పుడైంది. పనిముట్ల సంచీతో మొగుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మంచం వైపు చూశాడు. అతని మొహంలో ఆశ్చర్యం లేదు.

"దాన్ని లేపకు," అన్నాడు గుసగుసగా.

"నీకూ కనిపిస్తోందా?"

"మా నాన్న పోయిన దగ్గర్నుంచీ. మధ్యాహ్నాలు వచ్చి కాసేపు పక్కన పడుకుంటాను. గోడవైపుది నీది. ఇటువైపుది నాది."

అప్పుడు చూసింది. ఇద్దరున్నారు.

"ఇన్నాళ్ళూ నాకు పాఠాలు చెప్పావు కదరా," అంది. కట్టుకున్నవాణ్ణి 'రా' అనడం అదే మొదలు. "నువ్వు మునుగుతూ నా నెత్తి మీద కాలేసి నిలబడ్డావా?"

"చెబితే నువ్వు బెంగపడతావని..."

"నాకున్నదే బెంగ. ఇంకా ఏం పడతాను?"

ఇక ఆగలేదు. పొద్దున కళ్ళు తెరవాలంటే ఎంత భయమో, పిల్ల నవ్వినా తనకెందుకు ఏమీ అనిపించదో, అంతా అతని మొహాన్నే పారేసింది. అతను సంచీ కింద పెట్టి, తడబడుతూ తనదీ చెప్పాడు. లిఫ్టు గుంతలోకి దిగి, పైకి రావాలనిపించక కూర్చుండిపోయిన రోజులున్నాయట. వింటూ ఆమె తిడుతూనే ఉంది, పట్టుకున్న అతని చెయ్యి మాత్రం వదల్లేదు.

ఇద్దరూ చెప్పడం అయ్యేసరికి గోడవైపు దుప్పటి అణిగింది. ఇటువైపూ అణిగింది.

మధ్యలో మాత్రం అణగలేదు.

చిన్న ఎత్తు. ముడుచుకుని పడుకుంది...

అతను బడికి ఫోన్ చేశాడు. స్పీకర్లో టీచరమ్మ గొంతు మామూలుగానే ఉంది.

"క్లాసులోనే ఉందండీ. బల్ల మీద తల పెట్టుకుని పడుకుంది. లేపితే ఇంకాసేపు అంటోంది. చాలా రోజులుగా ఇంతేగా... మీకు చెప్పలేదా?"

దుప్పటి అంచు కదిలింది. సిరా మరకలున్న చిన్న వేళ్ళు బయటికొచ్చి, అంచు పట్టుకుని, మెల్లగా లోపలికి లాక్కున్నాయి.