పందొమ్మిదో నెల

"నేను దొంగనట సార్. వీడియో కూడా ఉందిట."

జయంతి అంతవరకూ చెప్పి మంచినీళ్ళ గ్లాసు అందుకుంది.

మల్లికార్జునరావు కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. అమెరికాలోని చాండ్లర్‌లో ప్రైవేట్ డిటెక్టివ్‌గా ఆయన దగ్గరకొచ్చేవన్నీ ఇళ్ళలోని గొడవలే. కేసు తేలినా ఎవరూ సంతోషించరు. ఆ అలసట ఆయన మొహంలో ఎప్పుడూ ఉండేది. అయినా ఆ కళ్ళు దేన్నీ వదలవని అసిస్టెంట్ కావ్యశ్రీకి గట్టి నమ్మకం.

జయంతి శశికళ దగ్గర వీణ నేర్చుకుంటోంది. శశికళ ఏప్రిల్ మొదటి వారమంతా శాన్ రామన్‌లో చెల్లెలింట్లో ఉండి వచ్చేసరికి, తల్లి ఇచ్చిన వీణ మాయమైంది. ఇంటి ముందు కెమెరాలో వీణ పెట్టె మోసుకెళ్తూ జయంతి కనిపించింది. శశికళ పోలీసులకు కంప్లైంట్ ఇచ్చింది.

"తీసుకెళ్ళారా మరి?"

"మార్చిలో గుళ్ళో ప్రోగ్రామ్‌కి అక్కే ఇచ్చింది సార్. మర్నాడే తిరిగిచ్చేశాను. మళ్ళీ ముట్టుకోలేదు. మా గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. ఇప్పుడు కేసు పడితే ఇక్కడ మేం ఉండగలమా?"

ఆ సాయంత్రమే మల్లికార్జునరావు, కావ్యశ్రీ శశికళ ఇంటికి వెళ్ళారు. వాకిట్లో పాలో వెర్డీ అనే ఎడారి చెట్టు విరగబూసింది. డ్రైవ్‌వే అంతా పసుపుపచ్చ పూలు. మల్లికార్జునరావు కాసేపు అక్కడే నిలబడి, చెప్పులకి అంటుకున్న పూలు దులుపుకుని లోపలికి నడిచాడు.

"చూసుకోండి, నేను దాచేదేం లేదు," అంది శశికళ. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. "జయంతిని సొంత చెల్లెల్లా చూసుకున్నానండీ."

ఆమె భర్త శ్యామ్‌సుందర్ పెన్‌డ్రైవ్ పెట్టి వీడియో చూపించాడు. స్వెట్టర్ వేసుకున్న జయంతి వీణ పెట్టెతో మోడు చెట్టు పక్కనుంచి, శుభ్రంగా ఉన్న డ్రైవ్‌వే మీదుగా కారు వైపు వెళ్ళింది. మూలన తేదీ: 03/04/2012.

"మూడో తారీఖు, ఏప్రిల్. నేను ఆఫీసులో ఉన్నాను," అన్నాడు శ్యామ్‌సుందర్.

"ఆ వారం మిగతా రికార్డింగ్ ఏది?"

"డిస్క్ నిండితే పాతది చెరిగిపోయి దానిమీదే కొత్తది ఎక్కుతుందండీ. అలా పోయింది. ఇదొక్కటీ ముందే కాపీ చేశాను."

"రికార్డర్ సెట్టింగ్స్ ఎవరు చూస్తారు?"

"నేనే. పాస్‌వర్డ్ నాకొక్కడికే తెలుసు."

అతని చేత పాస్‌వర్డ్ కొట్టించి మల్లికార్జునరావు జనరల్ సెట్టింగ్స్ తెరిచాడు. భాష ఇంగ్లిష్. డిస్క్ నిండితే ఓవర్‌రైట్. తేదీ వరసలో ముందు రోజు, తర్వాత నెల, సంవత్సరం. నిన్నటి రికార్డింగ్ మీద 14/04/2012 అని ఉంది. వెనక్కి జరిపి ఇంకోటి తెరిచాడు. పోస్టల్ వ్యాన్ వచ్చి ఆగింది. మూలన 03/19/2012.

"తేదీ ఎప్పుడూ ఇదే వరసా?"

"మొదట్నుంచీ ఇంతే. రోజు ముందు రాయడమే కదండీ మన అలవాటు."

మల్లికార్జునరావు తలూపి లేచాడు.

మర్నాడు అదే హాల్లో జయంతిని కూడా కూర్చోబెట్టాడు. జయంతి, శశికళ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"అమ్మా, ఈ వీడియో నిజమైనదే," అన్నాడాయన. "కానీ ఏప్రిల్‌ది కాదు. ఏప్రిల్ మొదట్నుంచే ఆ చెట్టు నిండా పూలుంటాయని మీకు తెలుసు. వీడియోలో ఒక్క పువ్వు లేదు. అది మార్చి నాలుగు. మీరే వీణ ఇచ్చి పంపిన రోజు."

"తేదీ అలా ఉందేం మరి?" అంది శశికళ.

"వీడియో మీద తేదీ రికార్డయినప్పుడే పడిపోతుంది. తర్వాత సెట్టింగ్ మార్చినా అది మారదు. నిన్న ఇందులో 03/19 అని ఉన్న రికార్డింగ్ చూశాం. పందొమ్మిదో నెల లేదు కదా! అంటే మార్చిలో ఈ రికార్డర్ అమెరికా పద్ధతిలో నెలే ముందు వేసింది. ఆ తర్వాత ఎవరో వరస మార్చారు. ఇంకొకటి, ఓవర్‌రైట్ అయితే మార్చిది ముందు పోవాలి. మార్చి భద్రంగా ఉండి, మీరు ఊళ్ళో లేని వారం మాత్రమే పోయింది. అది కావాలని చెరిపేసిందే. పాస్‌వర్డ్ ఒక్కరికే తెలుసన్నారు."

శశికళ భర్త వైపు తిరిగింది. శ్యామ్‌సుందర్ తల దించుకున్నాడు.

"తీగలు మార్పించి నీకు సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నా శశీ. కార్లో పెట్టుకుని ఆఫీస్‌కి వెళ్ళా. ప్రొడక్షన్‌లో ఇష్యూ వచ్చి వీణ సంగతే మర్చిపోయా. సాయంత్రానికి ఆ ఎండకి మైనం కరిగి మెట్లన్నీ జారిపోయాయి. కుండ పగిలింది. సామాన్లకి అద్దెకి తీసుకున్న స్టోరేజ్ యూనిట్‌లో దాచాను."

"నాతో చెప్పొచ్చుగా!"

"అమ్మ పోయినప్పుడు దాన్ని పట్టుకునే పడుకున్నావ్. ఎలా చెప్పను?"

"అందుకని ఈ పిల్లని దొంగని చేస్తావా?"

"రెండ్రోజులు కోప్పడి ఊరుకుంటావనుకున్నా. పోలీసుల దాకా వెళ్ళాక నాకు నోరు రాలేదు."

మల్లికార్జునరావు సోఫాలో వెనక్కి వాలాడు. విప్పిచెప్పాల్సింది అయిపోయింది. గెలిచిన సంతోషం ఆయనలో ఇసుమంత కూడా కనపడలేదు కావ్యశ్రీకి.

శశికళ ఏడుస్తూ వెళ్ళి జయంతి చెయ్యి పట్టుకోబోయింది. జయంతి మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అవన్నీ తర్వాత అక్కా. ముందు పోలీసులకి ఫోన్ చెయ్యండి."

శశికళ అక్కడే నిలబడి ఫోన్ చేసింది. తనిచ్చిన కంప్లైంట్ తప్పనీ, జయంతి ఏమీ తియ్యలేదనీ ఇంగ్లిష్‌లో రెండుసార్లు చెప్పింది. మరి తీసిందెవరని అటునుంచి అడిగారు. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. భర్త వైపు చూడకుండా, అవతలివాళ్ళు రాసుకునేందుకు వీలుగా, ఆయన పేరు ఒక్కో అక్షరమే చెప్పడం మొదలుపెట్టింది.

"ఎస్... హెచ్... వై..."