అంతమ్మ కాపలా

చిన్న మంగళారంలో ఫామ్‌హౌసుల గోడలు అయిపోయే చోట ఎడమకి ఒక బండిబాట తిరుగుతుంది. దాని చివర అంతమ్మ చెలక. పగలు అది మామూలు మక్కచేనే. పొద్దు గుంకిందంటే మాత్రం ఆ బాటన మనిషన్నవాడు పోడు.

ఎందుకంటే... అంతమ్మ చలికాలంలో చనిపోయింది. వానాకాలంలో మళ్ళీ తిట్టడం మొదలుపెట్టింది.

బతికున్నన్నాళ్ళూ ఆమె రాత్రిళ్ళు మంచె మీద కూర్చుని అడవి పందుల్ని తిట్టేది. ఆ గొంతు వింటే పందులే కాదు, పక్కచేను వాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచేవాళ్ళు. ఈ ఏడు చేను కంకి పట్టగానే అదే గొంతు, అవే తిట్లు! పాలు పోసే మనిషి విన్నాడు. బండి అక్కడే వదిలేసి నడిచొచ్చాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయబోయినవాడు విన్నాడు. వేయకుండానే తిరిగొచ్చాడు, ఆ రాత్రి ఊరంతా దోమలు తోలుకుంటూ పడుకుంది.

అలాంటి చోట గుడారం వేసుకుని పడుకోవాలని ఒకడికి బుద్ధి పుట్టింది. వాడు ఈ ఊరివాడైతే కదా!

వాడి పేరు ఎమిల్. ఫిన్లాండ్ పిల్లాడు, స్కౌటు. మనకి ముసురు పట్టే రోజులు వాళ్ళకి వేసవి సెలవులు. ఆ సెలవుల్లో అక్కడి స్కౌట్లు ఇక్కడికొచ్చి ఇళ్ళలో ఉంటారు, క్యాంపులు వేస్తారు. వచ్చే ఏడు ఇక్కడి నుంచి ఒకరు అక్కడికి పోతారు.

మొదటి వారం ఎమిల్‌ని మొయినాబాద్ విల్లాలో మణికంఠ వాళ్ళింట్లో ఉంచారు. వాళ్ళమ్మ సుబ్బలక్ష్మిగారు పిల్లాడికి ఓట్సు పెట్టింది, ఫిల్టరు నీళ్ళు తాగించింది, ఎండ తగలకుండా కాచింది. వాడు అంత దూరం నుంచి వచ్చిందే ఎండ కోసమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. రెండో వారం చిన్న మంగళారంలో వంశీ వాళ్ళింటికి వచ్చాడు. వంశీ నాయనమ్మ కౌసల్యమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి, దాంతోపాటు నాలుగు తెలుగు మాటలు కూడా నేర్పింది. కనిపించిన ముసలమ్మనల్లా "అవ్వా, తిన్నవా?" అని అడగడం వాడికి అలవాటైపోయింది.

ఇక అసలు సంగతి. ఫిన్లాండ్ పోయేది మణికంఠనా, వంశీనా? స్కౌట్ మాస్టరు సాముయేలు సార్ ఒక మాట చెప్పాడు. ఇద్దరూ అతిథితో చెరో రాత్రి గుడారంలో ఉండాలి. తెల్లారేదాకా గుడారం ఖాళీ చేసి ఇంటికి రాకూడదు. మణికంఠ విల్లా వెనక లాన్‌లో, వాచ్‌మన్ కాపలా మధ్య, దోమల బ్యాటు పట్టుకుని ఆ రాత్రి గట్టెక్కించేశాడు. వాచ్‌మన్ లేకుండా వంశీ కూడా గట్టెక్కిస్తే వంశీ పోతాడు. నడుమ లేచి ఇంటికొచ్చాడా... మణికంఠ పోతాడు.

వంశీకి ఫిన్లాండ్ పిచ్చి పట్టి ఏడాదైంది. ఎమిల్ ఫోనులో చూపించిన సరస్సు ఫోటోని తన ఫోను మీద పెట్టుకుని రోజూ చూసుకునేవాడు. కానీ వాడికి చీకటంటే చచ్చేంత భయం. పదహారేళ్ళ మగపిల్లాడు, రాత్రి వాకిట్లోకి పోవాలంటే నాయనమ్మని లేపుతాడు. ఆ సంగతి కౌసల్యమ్మకి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు.

చోటు ఎంచుకునే వంతు అతిథిది. ఎమిల్ ఊరంతా తిరిగి, అంతమ్మ చెలక గట్టు మీద నిలబడి చేతులు చాపాడు.

"ఇక్కడే వేద్దాం. లైట్లు లేవు. చుక్కలన్నీ కనిపిస్తాయి."

ఎలా చెప్పాలా అని వంశీ మాటలు వెతుక్కున్నాడు. ఇంగ్లీషులో దెయ్యానికి మాటుంది గానీ, అంతమ్మకి లేదు.

సాముయేలు సార్‌ కూడా ఆ పేరు వినగానే గొంతు తగ్గించాడు. "ఇంకో జాగ దొరకలేదార మీకు?"

వంశీ తండ్రి మహేష్ వార్డు మెంబరు. విదేశీ పిల్లాడి ముందు ఊరి పరువు పోనిచ్చే మనిషి కాదు. "ఏమైతది సార్? పోనీయుండ్రి. నేనున్న గద!" అని ఛాతీ విరిచి, ఆ సాయంత్రమే ఇంటి తలుపుకి రెండో గొళ్ళెం బిగించుకున్నాడు.

చీకటి పడింది. మబ్బు విడిచింది. ఎమిల్ అడిగిన చుక్కలన్నీ వచ్చాయి. వాడు వెల్లకిలా పడుకుని ఒక్కోదానికీ పేరు చెబుతుంటే, వంశీ కళ్ళు మాత్రం చేను మధ్యలో నల్లగా నిలబడ్డ మంచె మీదే ఉన్నాయి.

గాలి లేదు. మక్క ఆకులు కదలడం లేదు. కప్పలు అరిచి అరిచి ఒక్కసారిగా ఆగిపోయాయి...

"ఓ... ఎవర్రా అది?"

వంశీ దుప్పటి లాక్కున్నాడు.

"కనబడ్డవురా! ఏడ దాక్కున్నా కనబడ్తవు! కాళ్ళిరగ్గొడ్త!"

అదే గొంతు. చిన్నప్పుడు మామిడికాయ తెంపినందుకు తనని ఊరి దాకా తరుముకొచ్చిన గొంతు. వంశీ దుప్పటి నోట్లో కుక్కుకున్నాడు.

ఎమిల్ మాత్రం సంబరంగా లేచి కూర్చున్నాడు. పాపం, ఎవరో ముసలమ్మ, ఇంత రాత్రప్పుడు ఒక్కతే! రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, తనకొచ్చిన తెలుగంతా కూడదీసి కేకేశాడు.

"అవ్వా... తిన్నవా?"

వంశీ వాడి నోరు మూయబోయేలోపే—

"తిని తిని బలిసినవు గదరా! ఇగ పో!"

జవాబు చెప్పింది! చచ్చిపోయిన మనిషి, అడిగిన మాటకి సరిగ్గా జవాబు చెప్పింది! ఎమిల్‌కి అర్థమైంది ఒక్కటే, ఆమె కోపంగా ఉంది. ఏదో ఆపదలో ఉందనుకున్నాడు. నుదుటికి లైటు కట్టుకుని, సాయానికి చేలోకి దిగిపోయాడు.

ఇప్పుడు వంశీకి రెండే దార్లు. గుడారంలో ఒక్కడే ఉండటం... లేదా ఎమిల్ వెనక పోవడం. దెయ్యం దగ్గరికైనా సరే, పక్కన మనిషుంటే చాలనుకున్నాడు. దండకం చదువుకుంటూ ఎమిల్ చొక్కా పట్టుకుని నడిచాడు.

మక్క ఆకులు మొహానికి గీసుకుంటున్నాయి. మంచె దగ్గరపడింది. కింద... ఏదో నల్లని ముద్ద. అది కదిలింది. లేచి నిలబడింది. దానికి తల లేదు—

ఎమిల్ లైటు దాని మీద పడింది.

"వామ్మో! కొరివిదెయ్యం!"

అరిచింది వంశీ కాదు. ఆ నల్లముద్ద. గొంగడి జారింది, లోపల్నుంచి తల బయటికొచ్చింది. అంతమ్మ మొగుడు భిక్షపతి! పాలిపోయిన మొహం, తెల్లజుట్టు, నుదుటి మీద మండే ఒంటికన్నుతో నిలబడ్డ ఎమిల్‌ని చూసి ముసలాయన మంచె గుంజని కావలించుకుని వణికిపోతున్నాడు.

"తాతా! నేను... మహేష్ కొడుకుని!"

"మరి గిదేందిరా?"

"మా ఇంటికొచ్చిన పిలగాడు తాతా. ఫిన్లాండు."

భిక్షపతి ఊపిరి పీల్చుకునేలోపు నెత్తి మీద నుంచి మళ్ళీ కేక. "ఓ... ఎవర్రా అది?" మంచె గుంజకి, గోనెసంచి చాటున, మైకు డబ్బా వేలాడుతోంది. ముసలాయన చెయ్యెత్తి మీట నొక్కాడు. అంతమ్మ నోరు మూతపడింది.

వంశీకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందు రావాలో తెలియక ఎక్కిళ్ళొచ్చాయి.

"పోయినేడు మోకాళ్ళు పట్టి మంచె ఎక్కలేకపోయింది," భిక్షపతి చిన్నగా చెప్పాడు. "నా తిట్లు ఫోన్ల పట్టుకో, నీకు తిట్ట శాతగాదు, అన్నది. పట్టుకున్న. ఈ ఏడు మైకు కొని దాంట్ల ఎక్కించిన."

"పందులు భయపడ్తున్నయా తాతా?"

"రెండు రోజులు భయపడ్డయి. తర్వాత దాని కిందనే మేస్తున్నయి." ఆయన ఊరివైపు చూశాడు. "మనుషులే ఇంకా భయపడ్తున్నరు బిడ్డా. నిరుడు కంకులు సగం మనుషులే ఇరుచుకపోయిన్రు. తాగుబోతులు వచ్చి చేన్లనే కాల్చుకొని తిన్నరు. ఈ ఏడు ఒక్కడు రాలేదు."

"నాకు సుత ఆ తిట్లు ఇనుకుంటనే నిద్ర పడ్తది," అన్నాడు.

వంశీకి మనసు చివుక్కుమంది. ఎమిల్‌కి ఇంగ్లీషులో చెప్పాడు. ఎమిల్ కూడా నవ్వు ఆపేశాడు.

అంతా బాగానే ఉంది కానీ, ముసలాయన ఉన్నట్టుండి వంశీ చేతులు పట్టుకున్నాడు. "పొద్దున మీరిద్దరు నవ్వుకుంట ఊళ్ళెకు పోతే, అంతమ్మ లేదని ఊరికి తెలుస్తది. ఇగ నా చేను ఖతం. ఉరకుండ్రి బిడ్డా. ఇప్పుడే, మొత్తుకుంట ఉరకుండ్రి."

"ఉరికితే నా ఫిన్లాండ్ పోతది తాతా!"

ముసలాయన చేను ఒకవైపు, సరస్సు ఒకవైపు. వంశీ మంచె గుంజకి తల ఆనించి నిలబడిపోయాడు. ఏది వదులుకోవాలన్నా వాడికి ప్రాణం ఒప్పుకోవడం లేదు.

సంగతి ఇంగ్లీషులో విన్న ఎమిల్ మాత్రం బూట్ల తాళ్ళు బిగించుకుంటున్నాడు.

"గుడారం ఖాళీ చేసి రాకూడదన్నారు. తెల్లారేదాకా ఇద్దరం ఉండాలనలేదు. నువ్వుండు, నేను పరిగెడతా. ఎలా అరవాలో చెప్పండి."

వంశీ తెలుగులో చెప్పగానే భిక్షపతి మొహం విప్పారింది. "వామ్మో అనాలె."

"వొమ్మొ."

"అట్ల గాదు. ప్రాణం పోతున్నట్టు... వామ్మో!"

"వామ్మో!"

"ఆ! అంతమ్మ, అని గూడ అను."

నాలుగుసార్లు అనిపించి, కొంచెం బురద కూడా మొహానికి పూసి పంపాడు ముసలాయన. ఎమిల్ ఊళ్ళోకి ఉరుకుతూ పెట్టిన కేకలు శంకర్‌పల్లి స్టేషను దాకా వినిపించాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. విదేశం పిల్లాడికే కనిపించిందంటే ఇంక అనుమానమేముంది! తలుపులన్నీ టపటపా మూసుకున్నాయి. కొడుకు మీద ప్రేమ కొద్దీ మహేష్ ఒక్కడు, సాముయేలు సార్‌ని రెక్క పట్టుకుని, బండిబాట మొదలు దాకా వచ్చాడు.

"ఒరే వంశీ! ఉన్నవార?"

"ఉన్న బాపూ!"

"సరే... పొద్దున వస్తం!" అడుగుల చప్పుడు వచ్చినదానికంటే వేగంగా వెళ్ళిపోయింది.

ఎవరైనా తిరిగొస్తారేమోనని భిక్షపతి కూడా మైకు డబ్బా విప్పి, గొంగడిలో చుట్టి చంకన పెట్టుకుని, వెనకదోవన ఇంటికి బయల్దేరాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా. ఇక్కడ దెయ్యం లేదు, భూతం లేదు," అని భుజం తట్టి మరీ పోయాడు. ఆయన గట్టు దిగి కనుమరుగయ్యేదాకా వంశీ చూస్తూనే ఉన్నాడు.

తర్వాత గుడారంలో దూరి కూర్చున్నాడు. ఒక్కడే. అయినా ఈసారి భయం అంతగా లేదు. దెయ్యం అంటే డబ్బా అని తెలిసిపోయింది కదా! సరస్సు ఫోటో చూసుకున్నాడు. అక్కడ చలికి ఏ స్వెట్టరు కొనాలా అని ఆలోచించుకున్నాడు. కళ్ళు మూతలు పడ్డాయి...

కప్పలు ఆగిపోయాయి.

మక్క ఆకులు పక్కకి తొలగుతున్న చప్పుడు. మెల్లగా... గుడారం దాకా వచ్చింది. ఆగింది.

"ఎవర్రా అది?"

వంశీ కళ్ళు తెరుచుకున్నాయి.

"మహేష్ కొడుకువా?"

ఆ మాట డబ్బాలో లేదు. డబ్బానే ఇక్కడ లేదు.

"జిప్పు పెట్టుకో బిడ్డా... దోమలు కుడ్తయి. పొమ్మనేదాక లెవ్వకు. నేనున్న."

వంశీ జిప్పు పెట్టుకున్నాడు. మరి కదల్లేదు.

తెల్లవారింది. ఎండ కూడా వచ్చాక, నలుగురు తోడు చూసుకుని సాముయేలు సార్ వచ్చాడు. గుడారం ఉన్నచోటే ఉంది. మూసిన జిప్పు మూసినట్టే ఉంది. సార్ కళ్ళు చెమ్మగిల్లాయి. "శెభాష్ రా వంశీ! గెలిచినవు! ఫిన్లాండ్ నీదే! బయటికి రా!"

లోపల్నుంచి పీలగా ఒక గొంతు వచ్చింది.

"జర ఆగుండ్రి సార్... అవ్వనడిగి వస్త."