పసుపు సుతిలి కట్టిన జిల్లేడు

"ఆగు! చెయ్యి తియ్!"

గంగాదాస్ ఎత్తిన కొడవలి ఎత్తినట్టే ఆగిపోయింది. పక్కింటి గోడ మీదుగా ఒక జడ, రెండు కళ్ళు, బోలెడు కోపం కనిపించాయి.

"ఏమైంది?"

"దాని మీద నా పురుగులున్నయి!"

గంగాదాస్ జిల్లేడు మొక్కను చూశాడు. ఆకుల కింద నలుపు, తెలుపు, పసుపు చారల పురుగులు తాపీగా నములుతున్నాయి. మస్కట్‌లో క్రేన్ నడిపి, ఈమధ్యే ఆర్మూర్ తిరిగొచ్చి పసుపు మార్కెట్లో ఒక దుకాణంలో చేరిన మనిషి అతను. పురుగులు నావి అని కొట్లాటకు వచ్చే ఆడపిల్లను ఏ దేశంలోనూ చూడలేదు.

"పెరట్ల జిల్లేడుంటే ఇల్లు పాడైతదంటరు గదా?"

"మొక్కతోని ఇండ్లు పాడు గావు. గా పురుగులే రేపు సీతాకోకచిలుకలైతయి. జిల్లేడాకు దొరకకుంటే సస్తయి పాపం. మా ఇంట్ల నాటుత అంటే అమ్మ ఒప్పుకుంటలేదు. జర ఉంచు, నీ పుణ్యముంటది."

ఆమె పేరు తార. ప్రైవేటు బడిలో సైన్సు చెబుతుంది. గంగాదాస్ కొడవలి పారేసిన చోటే మనసు కూడా పారేసుకున్నాడు.

మర్నాటి నుంచి అతనికి జిల్లేడే లోకం. బర్రెలు కూడా ముట్టని మొక్కకు కంచె వేశాడు. మొదలు చుట్టూ మట్టి ఎగదోసి గద్దె కట్టాడు. తొలకరి మిరుగు వానకు మొక్క ఒరిగిపోతే కర్ర పాతి, దుకాణం నుంచి తెచ్చిన సుతిలి తాడుతో కట్టాడు. సాయంత్రాలు గోడకు చెరో పక్క నిలబడి ఇద్దరూ పురుగులను తక్కువగా, ఒకరినొకరు ఎక్కువగా చూసుకునేవారు.

"మీ అమ్మతోని మాట్లాడుదమనుకుంటున్న" అన్నాడు ఒకనాడు.

తార సిగ్గుపడి నవ్వింది. "జల్ది మాట్లాడు. ఐతారం బాల్కొండోళ్లు నన్ను చూడనీకె వస్తున్నరు."

తెల్లారి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్తే, తార తల్లి లక్ష్మవ్వ ధడాలున తలుపు వేసుకుంది. తార గోడ దగ్గరికి రావడం మానేసింది. దారిలో ఎదురైతే మొహం తిప్పుకుంది. గంగాదాస్‌కు ఏమీ అంతుపట్టలేదు. తన మాట మొరటుగా ఉందా? మస్కట్ అత్తరు ఎక్కువైందా? దుకాణంలో పసుపు తూచమంటే మక్కజొన్నల బస్తా ఎత్తిపెట్టి సేటు చేత తిట్లు తిన్నాడు.

శనివారం వానలో, గొడుగు లేకుండా బడి దారిలో నిలబడ్డాడు.

"టీచరమ్మా, నేనేం తప్పు జేసిన? గదొక్కటి జెప్పి పో."

తార ఆగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మస్కట్ల చేసుకున్న ఇద్దరు ఏడున్నరు?"

"ఏ ఇద్దరు?"

"నీ పెండ్లాలు! మూడో పెండ్లి అచ్చిరాదని ముందుగాల జిల్లేడుకు తాళి గట్టినవ్ గదా? చెట్టును కొట్టేస్తే మూడోది సచ్చినట్టు, నేను నాలుగోదాన్ని! మా అమ్మ మేనమామ గట్లనే జేసిండట. కంచె, గద్దె, పసుపుతాడు... అమ్మ కండ్లార చూసింది."

గంగాదాస్ నోరు తెరిచాడు. లోపలికి పోయిన వాననీళ్లు ఉమ్మేశాడు. ఒక్క పెళ్లికే ఇంతవరకు దిక్కులేదు, రెండు పెళ్లిళ్లు ఎప్పుడయ్యాయి?

"అది సుతిలి! పసుపు బస్తాలు కుట్టేది. మా దుకాణంల సుతిలే గాదు, నా బనీను గూడ పసుపే!"

తార కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకు నమ్మాలనే ఉంది. అమ్మ నమ్మొద్దా? రేపే వస్తున్నరు వాళ్లు."

ఇద్దరూ తడిసి ముద్దయి లక్ష్మవ్వ ముందు నిలబడ్డారు. ఆమె చాటలోని బీడీల మీంచి తల ఎత్తకుండానే అంతా వింది.

"ఏం లేకుంటే గా చెట్టును నరుకు. గిప్పుడే. అప్పుడు నమ్ముత."

గంగాదాస్ పరుగున పోయి గొడ్డలి తెచ్చాడు. తల్లీకూతుళ్లు వెనకే వచ్చారు. గొడ్డలి ఎత్తాడు. ఆకు కింద లేతాకుపచ్చ గూడొకటి వేలాడుతోంది, పక్కనే పురుగులు మేస్తున్నాయి. నరికితే తార దక్కుతుంది. నరికితే తార ప్రాణం పెట్టుకున్నవి పోతాయి.

గొడ్డలి కింద పెట్టేశాడు.

"నేను నరక, అత్తా. తార పురుగులున్నయి. నమ్ముడు, నమ్మకపోవుడు నీ ఇష్టం."

"చూసినవా బిడ్డా?" అంది లక్ష్మవ్వ గెలిచినట్టుగా. "చెట్టును ఇడుస్తలేడు!"

"అమ్మా!" తారకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "జిల్లేడును మనువాడినోడు ఎప్పుడెప్పుడు కొట్టేద్దమా అని చూస్తడు. నువ్వే గదా జెప్పినవ్! గీయన నరుకుమన్నా నరుకుతలేడు!"

లక్ష్మవ్వ గొడ్డలినీ చెట్టునూ మార్చి మార్చి చూసింది. వంగి సుతిలి పట్టుకుని వాసన చూసింది. వేళ్లు చీరకు తుడుచుకుంది.

"బస్తా వాసనే" అని గొణిగింది. "ఇద్దరు లోపలికి నడువుండ్రి, జలుబు జేస్తది. బాల్కొండోళ్లకు రావొద్దని కబురు పంపుత."

ఆమె ముందు నడిచింది. గంగాదాస్ అక్కడే నిలబడిపోయాడు.

"టీచరమ్మా, అంటే... ఒప్పుకున్నట్టేనా?"

"గొడ్డలి కింద పెట్టకుంటే బాల్కొండోళ్లకే సరే అంటుంటి" అంది తార, తడి కొంగు పిండుకుంటూ. "ఇప్పుడు నీకంటున్న. సరే."