ఒకే చేతి కొలత

"నీ బటన్లు నన్ను చూసి పారిపోతున్నాయి."

ఒరియాన్ నాతో అన్న మొదటి మాట అది. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో, బయట వాన పడుతుండగా, మా విమాన సిమ్యులేటర్‌లో కూర్చుని అంది. ఆమె టెస్ట్ పైలట్. కాక్‌పిట్ టచ్‌స్క్రీన్ గీసింది నేను.

"తప్పు నీ వేలిదేమో."

"హాయిగా బల్ల ముందు కూర్చుని గీసుంటావు బాస్టియాన్! మేఘాల్లో ఎవరి చెయ్యీ కుదురుగా ఉండదు."

నిజమే. మేఘాల్లోలాగా సీటు కుదిపినప్పుడల్లా ఆమె వేలు పక్క బటన్ మీద పడేది. తెర అంచున చెయ్యి ఆనించుకోవడానికి చిన్న గట్టు పెట్టాను. బొటనవేలు అందే చోటికి బటన్లు జరిపాను. మూడు నెలలు, ప్రతి మంగళవారం ఆమె వచ్చేది. సోమవారం నుంచే నా కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. పని ఒత్తిడి అని నాకు నేనే చెప్పుకున్నాను.

చివరికి ఆమెకు ఒక్క బటనూ తప్పలేదు.

తుది పరీక్షకు గాస్పార్ వచ్చాడు. పెద్ద చేతుల పాత పైలట్. ఈ పరీక్ష పోతే నా డిజైన్ మూలన పడ్డట్టే. సీటు కుదిపారు. పన్నెండు బటన్లలో తొమ్మిది తప్పాడు.

"ఆమెకు అన్నీ తగిలాయి. ఈయనకెందుకు తగల్లేదు?" అంది మా పెద్ద, మదామ్ కెర్వెల్.

పక్కనే నిలబడ్డ ఒరియాన్ తెర అంచున గట్టు మీద చెయ్యి పెట్టింది. అచ్చు పోసినట్టు సరిపోయింది. నా వైపు తిరిగింది.

"ఇరవై మంది చేతులు కొలవాలి కదా. ఎందరివి కొలిచావు?"

టైం లేదని అబద్ధమాడొచ్చు. నాలుక దాకా వచ్చింది కూడా.

"ఒక్కరివే. నీవి."

గాస్పార్ పగలబడి నవ్వాడు. "నా చెయ్యి కొలిచేటప్పుడూ ఇలాగే ఎర్రబడతావా అబ్బాయ్?"

మదామ్ నవ్వలేదు. "నాలుగు వారాలిస్తున్నా. ఇరవై మందీ కావాలి."

వరండాలో ఒరియాన్ నన్ను ఆపింది.

"ఆ ఇరవైలో నన్ను లెక్కెయ్యకు."

"కోపమా?"

"నీ తెర నాకెప్పుడూ నచ్చేస్తుంది. ఇక పరీక్షకు నేనెలా పనికొస్తాను? మంగళవారాలు వద్దులే, శనివారం రా. గరోన్ నది ఒడ్డుకి."

తలూపాను. నా వేళ్లు ఆగడం లేదు. ఆమె చూసేసింది.

"అదేంటి, వణుకుతున్నాయే?"

"బల్ల ముందు లేను కదా."

నవ్వి, అరచెయ్యి చాపింది. "అయితే ఇక్కడ ఆనించుకో."

ఆనించాను.